హైస్కూల్ టీచర్లకు మూడేళ్ల వృత్తి వికాస కార్యక్రమం: మండలంలో ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

మన దగ్గర హైస్కూల్ టీచర్ల శిక్షణ ఎలా సాగుతుందో చాలామందికి తెలిసిందే. బడులు తెరిచే ముందో తర్వాతో నాలుగైదు రోజులు ఒక హాల్లో కూర్చోబెడతారు. రిసోర్స్ పర్సన్ స్లైడ్లు చూపిస్తారు. భోజనం తర్వాత సెషన్‌లో సగం మంది ఫోన్లలో ఉంటారు. చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం, ఫ్లెక్సీ ముందు గ్రూప్ ఫొటో, వాట్సాప్‌లో 'విజయవంతంగా ముగిసింది'. ఆగస్టు నెలలో ఆ బడుల్లోకి వెళ్లి పాఠం వింటే, ఆ నాలుగు రోజుల ఆనవాలు దొరకడం కష్టం.

ఇది టీచర్ల తప్పు అనుకోను. ఎవరైనా ఒకసారి విన్న పద్ధతిని నలభై మంది పిల్లల ముందు, సిలబస్ టెన్షన్ మధ్య, ఒంటరిగా అమలు చేయలేరు. చేసి చూడాలి, చెడిపోవాలి, ఎందుకు చెడిపోయిందో ఎవరితోనైనా మాట్లాడుకోవాలి, మళ్లీ చేయాలి. దీర్ఘకాలిక కార్యక్రమం అంటే ఈ చక్రం తిరగడానికి చోటు, సమయం కల్పించడమే. కింద రాసినదంతా ఆ చోటును బడి టైంటేబుల్లో ఎలా సంపాదించాలనే దాని గురించి.

ఇది కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) హెచ్ఎంలకు, డైట్ (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ) లెక్చరర్లకు, 'మన సబ్జెక్టు వాళ్లం ఏదైనా చేద్దాం' అనుకునే స్కూల్ అసిస్టెంట్లకు పనికొస్తుంది. ఉదాహరణగా ఒక మండలం, అందులో ఎనిమిది పది జిల్లా పరిషత్ హైస్కూళ్లు, ఒకే సబ్జెక్టు (గణితం), మూడేళ్లు తీసుకున్నాను. మీది సోషల్ అయినా, జీవశాస్త్రం అయినా చట్రం ఇదే.

మొదలుపెట్టే ముందు: ఎన్ని గంటలు, ఎందుకు మూడేళ్లు

2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకు ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాస అవకాశాలు ఉండాలంది. ఆ అంకెను భారంగా కాకుండా ఆయుధంగా వాడుకోండి. పై అధికారి 'ఇన్ని గంటలెందుకు?' అంటే చూపించడానికి అదే కాగితం.

గంటల విషయంలో ఇంకో ఆధారం ఉంది. 2007లో అమెరికాలో 1,300కు పైగా అధ్యయనాలను జల్లెడ పట్టి ఒక సమీక్ష చేశారు. గట్టి ప్రమాణాలకు నిలిచినవి తొమ్మిదే. వాటిలో 14 గంటలు, అంతకంటే తక్కువ శిక్షణ ఇచ్చిన చోట పిల్లల చదువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంతకు మించి ఇచ్చిన చోట వచ్చింది. ఆ తొమ్మిదింటి సగటు 49 గంటలు. అయితే అవన్నీ ప్రాథమిక స్థాయి టీచర్లపై చేసినవి కాబట్టి హైస్కూలుకు అచ్చంగా అతికించలేం. పైగా 50 గంటల ఉపన్యాసం పెట్టినా ఫలితం వస్తుందని దానికి అర్థం కాదు.

మన దేశంలోనే చూడాలంటే హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలతో మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి ప్రారంభించాయి. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడ్డాక ఆ బాధ్యత తీసుకుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల టీచర్లకు వేసవిలో శిక్షణ ఇచ్చి అక్కడితో వదిలేయలేదు. నెలనెలా సమావేశాలు పెట్టారు, బడికి వెళ్లి తరగతి చూసి వచ్చారు, ప్రయోగాల కిట్లు అందించారు. అన్నిటికంటే ముఖ్యంగా పరీక్షను కూడా మార్చారు: పుస్తకం చూసి రాసే పరీక్ష, ప్రయోగ పరీక్ష తెచ్చారు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు నడిచిన పని ఒక ఉత్తర్వుతో ఆగిపోగలదన్నది కూడా అందులోంచి మనం గుర్తుపెట్టుకోవాల్సిందే. ఆ సంగతికి కింద మళ్లీ వస్తాను.

మూడేళ్లు ఎందుకంటే, మొదటి ఏడాది చాలావరకు ఒకరి తరగతిలోకి ఒకరిని రానిచ్చేంత నమ్మకం కుదరడానికే సరిపోతుంది.

మొదటి మెట్టు: పిల్లల నోట్ పుస్తకాలతో మొదలుపెట్టండి

చాలా కార్యక్రమాలు 'శిక్షణ అవసరాల సర్వే' అని గూగుల్ ఫారంతో మొదలవుతాయి. 'మీకు ఏ అంశంలో శిక్షణ కావాలి?' అంటే వచ్చే జవాబులు ముందే చెప్పొచ్చు: ఐసీటీ (కంప్యూటర్లతో బోధన), స్పోకెన్ ఇంగ్లీష్, తరగతి నిర్వహణ. ఆ ఫారం పక్కన పెట్టండి.

దాని బదులు జూలైలో ఒక మధ్యాహ్నం అందరినీ పిలవండి. వచ్చేటప్పుడు ప్రతి టీచరూ ఎనిమిదో తరగతి పిల్లల జవాబు పత్రాలు పది తెచ్చుకోవాలి: బాగా రాసేవాళ్లవి మూడు, మధ్యస్థంగా రాసేవాళ్లవి నాలుగు, తడబడేవాళ్లవి మూడు. పేర్లు కనబడకుండా మడిచి తేవాలి. అందరికీ ఒకే చిన్న పరీక్ష ముందే పంపితే ఇంకా మంచిది. ఆరు ప్రశ్నలు చాలు, ప్రతి ప్రశ్న కింద 'ఎందుకో రాయండి' అని రెండు గీతలు వదలండి.

ఇప్పుడు పత్రాలు మార్చుకోండి. మీ పిల్లలవి పక్క బడి టీచరు చూస్తారు. మార్కులు వేయకూడదు. తప్పులను రకాలుగా కుప్పలు పోయాలి.

ఉదాహరణకు −5−3 ఎంత అని అడిగితే మీ బల్ల మీద కనీసం మూడు కుప్పలు తయారవుతాయి. 8 అని రాసినవాళ్లు ఒక కుప్ప. వాళ్లకు 'మైనస్, మైనస్ కలిస్తే ప్లస్' అని బాగా గుర్తుంది. గుణకారానికి చెప్పిన సూత్రాన్ని ఇక్కడికి తెచ్చారు. −2 అని రాసినవాళ్లు ఇంకో కుప్ప: ఐదులోంచి మూడు తీసేసి, గుర్తు ముందు పెట్టారు. −8 అని సరిగ్గా రాసినవాళ్లు మూడో కుప్ప. అందులోనూ 'ఎందుకో' గీతల మీద 'మా సార్ చెప్పారు' అని రాసినవాళ్లు ఉంటారు. అదే విధంగా 1/2 + 1/3 అంటే 2/5 అని రాసేవాళ్లు ప్రతి బడిలో ఉంటారు.

ఈ పని చేస్తున్నప్పుడు గదిలో మాటతీరు మారడం మీరే గమనిస్తారు. 'మా పిల్లలకు బేసిక్స్ లేవండీ' అని మొదలైన సంభాషణ, 'ఈ 8 అన్నవాడు సూత్రం మర్చిపోలేదు, ఎక్కువ గుర్తుపెట్టుకున్నాడు' అనే దాకా వస్తుంది. అక్కడే మీ కార్యక్రమానికి విషయం దొరికింది.

రోజు ముగిసేలోపు ఒకే ఒక్క లక్ష్యం రాసుకోండి. 'బోధనా నాణ్యత పెంపొందించడం' లాంటివి వద్దు. ఇలా ఉండాలి: 'రుణ సంఖ్యలున్న లెక్కలో ఆ జవాబే ఎందుకొచ్చిందో డిసెంబరు నాటికి మన ఎనిమిదో తరగతి పిల్లలు రెండు వాక్యాల్లో చెప్పగలగాలి.' దీన్ని చూసి ఎవరైనా 'ఇంత చిన్నదా?' అంటారు. అననివ్వండి. పూర్ణసంఖ్యల దగ్గర కుదరనిది తొమ్మిదో తరగతి బహుపదుల్లో కుదరదు.

రెండో మెట్టు: ఎవరు ఉండాలి, ఎవరు నడపాలి

గ్రూపులో ఎనిమిది నుంచి పన్నెండు మంది. అంతకు మించితే ఇద్దరు ముగ్గురు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. మండలంలో ఇరవై మంది ఉంటే రెండు గ్రూపులు చేయండి.

చిన్న బడుల్లో సబ్జెక్టుకు ఒక్కరే టీచరు ఉంటారు. అందుకే ఈ పని ఒక్క బడిలో చేయలేం, కాంప్లెక్స్ స్థాయిలో చేయాలి. స్కూల్ కాంప్లెక్స్ అనండి, క్లస్టర్ అనండి, ఆ ఏర్పాటును 1964–66 నాటి కొఠారీ కమిషనే సూచించింది. ఒంటరిగా ఉన్న టీచర్లు కలుసుకోవాలన్నది అందులో ఒక ఉద్దేశం. ఇప్పుడా సమావేశాల్లో సగం పూట సర్క్యులర్లు, యాప్ ఎంట్రీలు, పెండింగ్ లిస్టులు తినేస్తున్నాయనుకోండి.

నడిపేవాళ్లను ఇద్దరిని ఎంచుకోండి. ఒక్కరినే పెడితే బదిలీ అయిన రోజున కార్యక్రమం కూడా బదిలీ అవుతుంది. ఎంపికలో మూడు విషయాలు చూడండి. ఇప్పటికీ రోజూ పాఠం చెబుతూ ఉండాలి. పదో తరగతి ఫలితాల్లో పేరున్నవారే కావాలని లేదు. అన్నింటికంటే, ఇతరులు మాట్లాడుతుంటే ఆపకుండా వినగలగాలి. మంచి వక్తలు ఈ పనికి తరచుగా పనికిరారు, ప్రతి ప్రశ్నకూ వాళ్లే జవాబు చెప్పేస్తారు. ఇద్దరిలో ఒకరు చిన్న బడి నుంచి వస్తే బాగుంటుంది. వాళ్లిద్దరికీ వారానికి రెండు పీరియడ్లు తగ్గించమని ఆయా హెచ్ఎంలను అడగండి. అది కుదరకపోతే కనీసం అడ్జస్ట్‌మెంట్ పీరియడ్లు వేయకుండా చూడమనండి.

రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి ఆర్పీలు (రిసోర్స్ పర్సన్లు) మెట్లుమెట్లుగా దిగే పద్ధతి మనకు అలవాటు. కొత్త పాఠ్యపుస్తకం వచ్చినప్పుడు దాన్ని పరిచయం చేయడానికి అది చాలు. బోధన మారాలంటే చాలదు. పైన మూడు రోజులు జరిగింది కింద ఒక పూట అవుతుంది, పైన చేయించిన పని కింద చెప్పిన మాట అవుతుంది.

మూడో మెట్టు: క్యాలెండర్ గీయండి

ఇక్కడ నిర్మొహమాటంగా ఉండాలి. మన విద్యా సంవత్సరం జూన్ 12 ప్రాంతంలో మొదలై ఏప్రిల్ మూడో, నాలుగో వారంలో ముగుస్తుంది. కానీ హైస్కూలు టీచరు మనసు జూలై నుంచి నవంబరు దాకే ఇలాంటి పనికి దొరుకుతుంది. ఆ తర్వాత పదో తరగతి స్పెషల్ క్లాసులు, సంక్రాంతి సెలవులు, ప్రీ ఫైనల్స్, మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఆ తర్వాత స్పాట్ వాల్యుయేషన్. జనవరిలో కొత్త ప్రయోగం చేయమంటే ఎవరూ చేయరు, చేయకపోవడమే సబబు.

కాబట్టి బరువంతా మొదటి అర్ధభాగంలో పెట్టండి. గంటల లెక్క ఇలా వేసుకోవచ్చు:

- జూన్ చివర గానీ, జూలై మొదట్లో గానీ రెండు పూర్తి రోజులు: 12 గంటలు.
- ఏడాదిలో ఎనిమిది అర్ధపూట సమావేశాలు, ఒక్కోటి మూడు గంటలు: 24 గంటలు. వీటిలో ఆరు నవంబరు లోపే అయిపోవాలి. దసరాకు ముందు నెలకు రెండు పడినా పరవాలేదు. మిగతా రెండింటిలో ఒకటి డిసెంబరులో, రెండోది ఏప్రిల్‌లో సమీక్షకు.
- ఒకరి తరగతి ఒకరు చూడడం, ఆ తర్వాత మాట్లాడుకోవడం: ఆరుసార్లు, ఒక్కోసారి గంటంబావు. ఏడున్నర గంటలు.
- మిగిలిన ఆరున్నర గంటలు టీచరు ఇష్టం. దీక్షాలో (ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక) కోర్సు కావచ్చు, తనకు నచ్చిన పుస్తకం కావచ్చు.

మొత్తం 50. ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకన) పరీక్షలు, ఎస్ఏ-1 (మొదటి సంగ్రహణాత్మక మూల్యాంకనం) తేదీలు ముందు క్యాలెండర్ మీద గుర్తుపెట్టి, వాటికి ముందు వారం ఏమీ పెట్టకండి. నెలలో ఒకే వారం, ఒకే రోజు ఖాయం చేయండి. 'తేదీ తర్వాత తెలియజేస్తాం' అన్న సమావేశం జరగదు.

నాలుగో మెట్టు: మూడు గంటల్లో ఏం చేయాలి

కార్యక్రమం గుండెకాయ ఇదే, కాబట్టి కొంచెం వివరంగా.

జపాన్‌లో బడుల్లో 'జుగ్యో కెన్‌క్యూ' అనే అలవాటు ఉంది. మీజీ కాలం నుంచీ వస్తోంది. కొందరు టీచర్లు కలిసి ఒక్క పాఠాన్ని వారాల తరబడి తయారుచేస్తారు. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు తరగతిలో నిలబడి పిల్లల్ని గమనిస్తారు. తర్వాత కూర్చుని ఆ పాఠాన్ని సరిదిద్దుతారు. మన పరిస్థితికి దాన్ని తగ్గించి ఇలా వాడుకోవచ్చు.

మొదటి సమావేశంలో ఒక పాఠం కలిసి రాయండి. మామూలు పాఠ్య పథకం ఫార్మాట్ తీయకండి. అది తీస్తే అందరూ గడులు నింపడంలో పడతారు. తెల్ల కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: పిల్లలకు ఇచ్చే మొదటి లెక్క ఏది? దానికి వాళ్లు ఏమేం జవాబులు చెబుతారని అనుకుంటున్నాం? ఒక్కో జవాబు వస్తే మనం తిరిగి ఏం అడుగుతాం? రెండో ప్రశ్న దగ్గర ఎక్కువ సేపు ఉండండి.

రుణ సంఖ్యల పాఠానికి ఒక ఆరంభం ఇది. బోర్డు మీద −5−3 రాసి, పక్కన 8, −2, −8 అని మూడు జవాబులూ రాయండి. 'ముగ్గురు పిల్లలు ఇలా చేశారు. ఒక్కొక్కరూ ఏం ఆలోచించి ఉంటారు?' అని అడగండి. ఏది కరెక్టో చెప్పకండి. పిల్లలు జంటలుగా మాట్లాడుకుంటారు. ఐదు రూపాయల అప్పు మీద ఇంకో మూడు రూపాయల అప్పు చేస్తే ఏమవుతుందని ఎవరో ఒకరు తెస్తారు. రాకపోతే సంఖ్యారేఖ మీదికి మీరు తీసుకెళ్లండి. ఇరవై నిమిషాలు దాటేలోగా తరగతి సంగతి మీకు తెలిసిపోతుంది.

రెండో సమావేశం ఏదో ఒక బడిలో, తరగతి జరుగుతున్న వేళ పెట్టండి. ఒక టీచరు ఆ పాఠం చెబుతారు. ఎవరు చెప్పాలో చీటీ వేయండి, లేదా నడిపేవాళ్లలో ఒకరే ముందుగా చెప్పండి. రెండోదే మేలు, మొదటి దెబ్బ తామే తినడానికి సిద్ధపడితే మిగతావాళ్లు ధైర్యం చేస్తారు. చూసేవాళ్లు వెనక బెంచీల్లో వరుసగా కూర్చోకూడదు. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల దగ్గర నిలబడి, వాళ్లు రాసిందీ అన్నదీ రాసుకోవాలి.

ఆ తర్వాత చర్చ. మొదట మాట్లాడేది పాఠం చెప్పినవారు. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ తాము చూసిన ఇద్దరు పిల్లల గురించే చెప్పాలి. 'మేడమ్ చాలా బాగా చెప్పారు', 'సార్ బోర్డు వర్క్ అద్భుతం' అన్న మాటలకు తావు లేదని ముందే చెప్పండి. మన వాళ్లకు ఇది కష్టం. సభామర్యాద ఒంట్లో పట్టేసింది. నడిపేవారు నవ్వుతూనే ఆపి, 'ఆ రెండో బెంచీ అమ్మాయి ఏం రాసింది, అది చెప్పండి' అనాలి.

మూడో సమావేశానికి ముందు మిగతావాళ్లంతా సరిదిద్దిన పాఠాన్ని తమ బడుల్లో చెప్పి, మళ్లీ పది పత్రాలు తేవాలి. కుప్పలు పోసి చూడండి. 8 అన్నవాళ్లు తగ్గారా? కొత్త తప్పు ఏదైనా పుట్టిందా? ఇంతటితో ఒక చక్రం పూర్తయింది. నవంబరు లోపు ఇలాంటివి రెండు చేస్తే చాలు, మూడోది అత్యాశ.

సమావేశం మొదటి అరగంట ఆఫీసు విషయాలకు కేటాయిస్తే ఆ అరగంట రెండు గంటలవుతుంది. సర్క్యులర్లు వాట్సాప్‌లో పంపించేయండి. తప్పదనుకుంటే చివర్లో పెట్టండి, అప్పుడు అవి వాటంతట అవే పది నిమిషాలకు కుదించుకుపోతాయి.

ఐదో మెట్టు: జంటగా తరగతి చూడడం

సమావేశాల మధ్యలో ఇద్దరిద్దరు జంటలుగా ఒకరి తరగతికి ఒకరు వెళ్లాలి. ఒకే బడిలో వేరే సబ్జెక్టు టీచరైనా ఫరవాలేదు. లీజర్ పీరియడ్ చూసుకుని వెళ్తే ఎవరికీ అడ్డం ఉండదు.

టీచర్ల మనసులో 'తరగతి చూడడం' అంటే ప్యానెల్ తనిఖీ. ఆ భయం పోకపోతే ఈ మెట్టు వృథా. అందుకే మూడు నియమాలు కాగితం మీద రాసి హెచ్ఎం సంతకం తీసుకోండి. ఏం చూడాలో పాఠం చెప్పేవారే అడుగుతారు. రాసుకున్న కాగితం వారికే ఇచ్చేస్తారు, నకలు ఎవరి దగ్గరా ఉండదు. హెచ్ఎంకు తెలిసేది 'ఫలానా రోజు చూశారు' అన్న ఒక్క ముక్కే.

మొదటిసారి చూడడానికి తేలికైన పని ఒకటి చెబుతాను. టీచరు ప్రశ్న అడిగాక, జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగుతున్నారో లెక్కపెట్టమనండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే చూపించారు: టీచర్లు సగటున ఒక సెకను మించి ఆగరు, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, మౌనంగా ఉండేవాళ్లూ మాట్లాడతారు. సెకన్లు లెక్కపెట్టడంలో ఎవరి మీదా తీర్పు లేదు. పైగా ఆ అంకె చూసి ప్రతి టీచరూ ఆశ్చర్యపోతారు. రెండోసారికి 'ఏ బెంచీల వైపు ఎక్కువ ప్రశ్నలు వెళ్తున్నాయి' అన్నది చూడొచ్చు.

మాట్లాడుకోవడం ఆ రోజే అయిపోవాలి. మర్నాటికి వాయిదా వేస్తే గుర్తుండేది మర్యాద మాత్రమే.

ఆరో మెట్టు: ఉత్తర్వులు, సెలవులు, డబ్బు

విసుగు పుట్టించే భాగమే గానీ, ఇది లేక ఆగిపోయిన మంచి పనులు చాలా ఉన్నాయి. హోషంగాబాద్ సంగతి ఇందుకే గుర్తుపెట్టుకోమన్నాను. ఒక హెచ్ఎం చొరవ మీదే నడిచేది ఆ హెచ్ఎం రిటైరైతే ఆగిపోతుంది. ఏడాది క్యాలెండర్ మొత్తానికి డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయం నుంచి ఒకే ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు) తీసుకోండి. నెలనెలా ఉత్తర్వు అడిగితే మూడో నెలకు ఫైలు కదలదు. అందులో ఓడీ (ఆన్ డ్యూటీ) స్పష్టంగా రాయించండి. సెలవు రోజున పెడితే సీసీఎల్ (బదులు సెలవు), వేసవి సెలవుల్లో పెడితే ఈఎల్స్ ప్రిజర్వేషన్ (పనిచేసిన రోజులకు ఆర్జిత సెలవులు జమ కావడం) సంగతి కూడా ముందే తేల్చండి. నా సలహా: వీలైనంత వరకు సెలవుల్లో పెట్టకండి.

ఖర్చు పెద్దది కాదు. పన్నెండు మందికి ఒక్కో సమావేశానికి తలా 150 రూపాయల చొప్పున టీ, భోజనం వేసుకుంటే ఎనిమిది సమావేశాలకు 14,400. ఒక్కో సమావేశానికి ఒక్కొక్కరికి ఇరవై పేజీల జిరాక్సు, పేజీ రెండు రూపాయలనుకుంటే ఎనిమిదింటికీ 3,840. మొత్తం 18,240. దీనికి జూలైలో రెండు రోజుల ఖర్చు, ప్రయాణ ఖర్చులు కలపండి. ఫ్లెక్సీకి, శాలువాలకు పద్దు పెట్టకండి.

ఏడో మెట్టు: ఆన్‌లైన్ కోర్సులు

కొద్దిగానే చెబుతాను. దీక్షా 2017 నుంచి ఉంది. నిష్ఠా (కేంద్ర ప్రభుత్వ టీచర్ల శిక్షణ కార్యక్రమం) 2019లో మొదలై, 2021లో సెకండరీ టీచర్ల కోసం ఆన్‌లైన్ కోర్సులుగా వచ్చింది. వాటిలో మంచి మాడ్యూళ్లూ ఉన్నాయి. అయితే వీడియో ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క నోట్సులు దిద్దడం, క్విజ్ జవాబులు గ్రూపులో తిరగడం మనకు తెలియనిదేం కాదు. మీ లక్ష్యానికి సరిపడే మాడ్యూల్ ఒకటే ఎంచుకుని, దానిలోని ఒక భాగం సమావేశంలో కలిసి చూసి, 'ఇది మన తరగతిలో ఎక్కడ పనికొస్తుంది?' అని వాదించుకోండి. సర్టిఫికెట్ దానంతట అదే వస్తుంది.

ఎనిమిదో మెట్టు: కొత్తవాళ్లు, పాతవాళ్లు, బదిలీలు

తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. దాంతో చాలా స్టాఫ్ రూముల్లో పాతికేళ్ల సర్వీసున్న మాస్టారు, నిన్నగాక మొన్న చేరిన టీచరు పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. ఇద్దరికీ ఒకే శిక్షణ ఇస్తే ఒకరికి విసుగు, ఇంకొకరికి అయోమయం.

కొత్తగా చేరినవారికి మొదటి ఏడాది కావలసింది చాలా ప్రాథమికమైన సాయం: వారం పాఠం ఎలా విడగొట్టాలి, నలభై పుస్తకాలు ఎలా దిద్దాలి, అల్లరి తరగతిని ఎలా కుదుటపరచాలి. వారికి పది కిలోమీటర్ల లోపు ఒక సీనియర్‌ను జత చేయండి, వారానికోసారి ఫోన్, నెలకోసారి ముఖాముఖి. సీనియర్లను మాత్రం 'మెంటార్' బిరుదుతో సరిపెట్టకండి. వాళ్లకు కూడా కొత్త పని ఉండాలి. గణితంలో పట్టున్న సీనియర్‌కు తరచుగా ఇంగ్లీష్ మీడియం తరగతిలో మాట దగ్గర ఇబ్బంది ఉంటుంది, అక్కడ కొత్త టీచరు సాయపడగలరు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంటే జంట నిలుస్తుంది.

బదిలీల కౌన్సెలింగ్ ఎప్పుడొచ్చినా గ్రూపు సగం ఖాళీ కావచ్చు. దానికి మందు ఒక రిజిస్టరు. ప్రతి చక్రానికి నాలుగే పేజీలు: కలిసి రాసిన పాఠం, తరగతిలో ఏం జరిగింది, ఏం మార్చాం, పిల్లల పత్రాలు రెండు మూడు అతికించినవి. ఒకటి కాంప్లెక్స్ బడి బీరువాలో, దాని ఫొటోలు గూగుల్ డ్రైవ్‌లో. కొత్తగా వచ్చినవారికి మొదటి రోజు చేతికి ఇవ్వాల్సింది అదే. వెళ్లిపోయేవారు ఒక నకలు తీసుకెళ్తారు. మరో మండలంలో ఇంకో గ్రూపు మొదలవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

తొమ్మిదో మెట్టు: పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

థామస్ గస్కీ అనే విద్యావేత్త శిక్షణను ఐదు స్థాయిల్లో కొలవాలంటారు: టీచర్లకు నచ్చిందా, వాళ్లు నేర్చుకున్నారా, బడి సహకరించిందా, తరగతిలో వాడారా, పిల్లల్లో మార్పు వచ్చిందా. మన ఫీడ్‌బ్యాక్ ఫారాలు మొదటి స్థాయి దగ్గరే ఆగిపోతాయి. భోజనం బాగుంటే ఫీడ్‌బ్యాక్ కూడా బాగుంటుంది. ఆయన ఇంకో మాటన్నారు: ప్రణాళిక వేసేటప్పుడు ఐదో దానితో మొదలుపెట్టి వెనక్కి రావాలి. నోట్ పుస్తకాలతో మొదలుపెట్టమన్నది అందుకే.

మీకు కావలసిన కొలతలు మూడే. జూలైలో ఇచ్చిన ఆరు ప్రశ్నల పరీక్షను అంకెలు మార్చి డిసెంబరులో మళ్లీ ఇవ్వండి, ఏప్రిల్‌లో ఇంకోసారి. ఏ కుప్ప ఎంత తగ్గిందో రాయండి. రెండు, జంటలు ఎన్నిసార్లు ఒకరి తరగతి ఒకరు చూశారో లెక్క. మూడు, నవంబరులో పదిమంది పిల్లలను కూర్చోబెట్టి 'మీ లెక్కల పీరియడ్‌లో ఈ ఏడాది ఏం మారింది?' అని అడగండి. పిల్లలు మొహమాటపడరు.

పదో తరగతి ఉత్తీర్ణత శాతాన్ని మాత్రం ఈ కార్యక్రమానికి కొలతగా ఒప్పుకోకండి. అధికారులు అడుగుతారు, ఒత్తిడి ఉంటుంది. ఎనిమిదో తరగతిలో చేసిన పని అక్కడ కనబడటానికి రెండేళ్లు పడుతుందని, ఆ శాతం వెనక ఇంకా చాలా కారణాలుంటాయని మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి.

పరీక్ష సంగతి ఇంకొకటి. పబ్లిక్ పరీక్ష మన చేతుల్లో లేదు. కానీ యూనిట్ పరీక్షలు, తరగతిలో పెట్టే స్లిప్ టెస్టులు మన చేతుల్లోనే ఉన్నాయి. వాటిలో ప్రతిసారీ ఒక 'ఎందుకు' ప్రశ్న చేర్చండి. అడగనిదాన్ని పిల్లలు నేర్చుకోరు, టీచరు కూడా ఎక్కువ కాలం బోధించరు.

రెండో ఏడాది, మూడో ఏడాది

రెండో ఏడాది కొత్త లక్ష్యం ఎంచుకోండి, పద్ధతి మార్చకండి. ఈసారి సబ్జెక్టుల గోడ దాటొచ్చు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలతో పిల్లలు అసలు ఎలా చదువుతున్నారన్నది గణితం, సైన్స్, సోషల్ టీచర్లందరి సమస్య. పద సమస్యను ఇంగ్లీషులో గడగడా చదివి, ఏం అడిగారో చెప్పలేని పిల్లలు మీకు తెలుసు. తెలుగు పండిట్లను, ఇంగ్లీషు టీచర్లను ఇందులోకి పిలవండి. శిక్షణల్లో భాషా టీచర్లను ఎప్పుడూ పక్కన కూర్చోబెడతారు గానీ ఈ సమస్యలో వాళ్లే ముందుండాలి.

మూడో ఏడాది నడిపేవాళ్లు మారాలి. మొదటి ఇద్దరూ సభ్యులుగా కూర్చుంటారు, కొత్త ఇద్దరు నడుపుతారు. పాతవాళ్లు పక్క మండలంలో ఒక గ్రూపుకు మొదటి రెండు సమావేశాలు చేసి చూపించి వచ్చేయాలి. ఎక్కువ చోట్ల ఒకేసారి పెట్టమని పైనుంచి ఒత్తిడి వస్తే తలొంచకండి. 2018లో వెలువడిన ఒక పరిశోధన 60 అధ్యయనాలను కలిపి చూస్తే, తరగతిలో పక్కనుండి నేర్పే కార్యక్రమాలు చిన్న స్థాయిలో బాగా పనిచేశాయి, పెద్దవవుతున్నకొద్దీ ప్రభావం తగ్గింది. ఏడాదికి రెండు మండలాల చొప్పున పెరిగితే తక్కువేం కాదు.

ప్రైవేటు బడి నడిపేవారు చదువుతుంటే రెండు మాటలు. మీకు ఉత్తర్వుల బాధ లేదు గానీ టీచర్లు మధ్యలో మానేయడం ఉంది. శిక్షణ ఆదివారం పెట్టి, దానికి జీతం ఇవ్వకపోతే ఎంత మంచి డిజైన్ అయినా మూడో నెలకు గైర్హాజరు పెరుగుతుంది. వారంలో ఒక రోజు చివరి రెండు పీరియడ్లు పిల్లలను ఆటలకు పంపి, టీచర్లను కూర్చోబెట్టండి. బయటి నుంచి ఖరీదైన మోటివేషనల్ స్పీకర్‌ను పిలిచే డబ్బుతో ఒక ఏడాది సమావేశాలు గడిచిపోతాయి.

ఏప్రిల్ సమీక్షలో అజెండా ఒక్క పేజీ మించకూడదు. పత్రాల కుప్పల లెక్క, ఏ చక్రం మధ్యలో ఆగిపోయింది, ఎందుకు ఆగింది, వచ్చే జూలైకి తేదీలు. ఆ తేదీలు అప్పటికప్పుడు అందరి ఫోన్లలో వేయించి, ప్రొసీడింగ్స్ డ్రాఫ్టు వేసవి సెలవులకు ముందే డీఈఓ కార్యాలయంలో ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబరు తీసుకోండి.